ఎడమచేత్తో చెప్పిన వాంగ్మూలం

మంగినపూడిలో మా పక్కింటి పిన్నికి పుట్టుకతో వినపడదు. చేతులతోనే మాట్లాడుతుంది. ఆ ఉదయం ఆమె భర్త పడవ తెడ్డుతో బాది కుడిచెయ్యి విరగ్గొట్టాడు. నెత్తురోడుతున్న మనిషిని ఆటోలో బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అతనూ వెనకే వచ్చాడు.

పోలీసాయన వచ్చి అడిగితే, ఆమె సైగలకు ఎప్పుడూ అర్థం చెప్పే భర్తే జవాబిచ్చాడు: "పడవెక్కుతూ జారిపడిందండీ."

నేను వెంటనే ఆమెకు సైగలు నేర్పిన టీచరుకు వీడియో కాల్ చేసి, ఫోను పిన్ని ముందు పట్టుకున్నాను. పిన్ని ఎడమచేత్తో చెప్పింది. టీచరు దాన్ని పైకి పలికింది: "తెడ్డుతో కొట్టాడు. పోయిన నెల పళ్ళు రాలగొట్టాడు. నన్ను ఇంటికి పంపకండి."

"దాని మొహం, దానికేం తెలుసండీ!" అంటూ భర్త ఫోను లాక్కోబోయాడు.

పోలీసాయన అతని చొక్కా పట్టుకుని గుమ్మం బయటికి నెట్టాడు. "ఆవిడ మాట్లాడుతున్నారు, కనపడట్లా?" అన్నాడు.