పరదా వెనకాల చెయ్యి

మా వకీలు సాబ్ పోయారని మంగళవారం పొద్దున కచేరీ ముందున్న చాయ్ హోటల్లో చెప్పారు. స్నానానికి నీళ్లు తోడుకుంటూ కూలిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సంగారెడ్డి కచేరీ బయట చాప వేసుకుని దస్తావేజులు రాయడం నా పని. ఆయన కోర్టుకు వెళ్లే దారి నా చాప పక్కనుంచే. ముసలివాళ్లను ఎవరైనా వేలిముద్ర వేయించడానికి తీసుకొస్తే చాలు, పిలవకుండానే వచ్చి కూర్చునేవారు. "మీరు జెర అటు పోయి చాయ్ తాగుండ్రి" అని వెంట వచ్చినవాళ్లను పంపేసేవారు. తర్వాత ఆ ముసలి మనిషికి చెంబుతో నీళ్లిచ్చి, తాగే తీరు చూసేవారు. గటగటా తాగితే ఆయన మొహం మాడిపోయేది. "ఆకలి మీదున్నోళ్ల వేలిముద్ర, వేలిముద్ర గాదు. పోయి అన్నం పెట్టి తోల్కరాపో" అని తిప్పి పంపేవారు. మా నోట్లో మన్ను కొడుతున్నాడని రాతగాళ్లమంతా లోలోపల తిట్టుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది నేనే.

కోపం ముక్కుమీదే ఉండేది ఆయనకు. నల్లకోటు మోచేతుల దగ్గర చిరిగితే భార్య తెల్లదారంతో కుట్టింది. జడ్జీ చూసి నవ్వితే, "కోటుది ఏమున్నది సాబ్, కేసు చూడుండ్రి" అన్నారట.

ఒక ఎండాకాలం పటాన్‌చెరు నుంచి పరదా కట్టిన ఎడ్లబండి వచ్చింది. వెంట వచ్చిన కుర్రాడు, బండిలో తన పెద్దమ్మ ఉందన్నాడు. భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు, ఇల్లూ మామిడితోటా మరిది కొడుకునైన తనకు దానం రాసిస్తోందన్నాడు. ఇద్దరు సాక్షులు అవునన్నారు. నేను రాసి చదివి వినిపించాను. పరదా లోపలి నుంచి "ఔ" అని వినబడింది. సిరాదిండూ కాగితమూ అందించి, మర్యాద ప్రకారం తల అటు తిప్పుకున్నాను. పరాయి ఇంటి ఆడమనిషి చేతిని చూసే అలవాటు మా దగ్గర లేదు. చూడకపోవడమే మంచితనం అనుకునేవాణ్ణి. కాగితం వేలిముద్రతో తిరిగి వచ్చింది.

రిజిస్ట్రారు భోజనానికి వెళ్లాడు. కుర్రాడు బండి నీడకు తోలుకుని సాక్షులతో తినడానికి కూర్చున్నాడు. అప్పుడే వకీలు సాబ్ వచ్చి నా ముందున్న కాగితం ఎత్తి ఎండలో పట్టుకుని చూశారు.

"ఎన్నేండ్లంటివి ఆమెకు?"

"డెబ్బై దాటినయంట."

"డెబ్బై ఏండ్ల వేలు గిట్లుంటదా? ఒక్క గీత అరగలేదు, ఒక్క పగులు లేదు. చెయ్యి చూసినవా?"

"పరదా గదా సాబ్, ఎట్ల చూస్త?"

"పరదా ఆమె మర్యాద కోసం. వాని దొంగతనం కోసం గాదు."

కాగితాన్ని కోటు జేబులో పెట్టుకున్నారు. బండి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు. "అండ్ల ఉన్నది ఆమె గాకుంటే, ఆమె యాడున్నట్టు?"

ఆ ప్రశ్న అంతవరకు నాకు తట్టనే లేదు.

ఆయన ఇంటికి పోయి భార్యను వెంటబెట్టుకొచ్చారు. ముగ్గురం బస్సెక్కి పటాన్‌చెరు చేరాం. ఇల్లు చూపించమంటే వాడలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక ముసలాయన మాత్రం గడ్డంతో అటు చూపించి లోపలికి పోయాడు. తలుపుకు బయటి నుంచి గొలుసు వేసి ఉంది. వకీలు సాబ్ గడప ముందే ఆగిపోయి, భార్యను లోపలికి పంపారు.

చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకోవడం ఆయనను ఆ ఒక్కసారే చూశాను. తర్వాత లోపలి నుంచి పీలగొంతు వచ్చింది. "పరదా వద్దమ్మా. వకీల్ సాబ్‌ను రమ్మను. కండ్లతోని సూడనీ."

చూశాం. మంచం కోడుకు కట్టిన తాడు, మణికట్టు చుట్టూ పుండు. సూది పట్టీ పట్టీ అరిగిన బొటనవేలు. బండిలో వేలిముద్ర వేసింది కుర్రాడి భార్య అని తర్వాత తేలింది.

కేసు నడిచినన్నాళ్లూ నాకు నిద్ర లేదు. చెయ్యి చూడలేదని బోనులో ఒప్పుకుంటే నా రాతపని పోతుంది. ఆయన బతిమాలలేదు. "చెప్తే నీ అన్నం పోతది, చెప్పకుంటే ఆమె పోతది. నీ ఇష్టం" అన్నారు. చెప్పాను. ఏడాదిపాటు నా చాప తీసేశారు. ఆ ఏడాది మా ఇంటికి జొన్నలు ఎక్కడి నుంచి వచ్చేవో నా భార్య నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయనకు కృతజ్ఞత ఎదుట నిలబడి ఎన్నడూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

పెద్దమ్మ ఇల్లు పెద్దమ్మకు దక్కింది. కుర్రాడు కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చి, అదే వీధిలో ఎదురింట్లో కిరాయికి దిగాడు. దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు. "కోర్టుల గెలుచుడు సగమే" అన్నారు వకీలు సాబ్. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పటాన్‌చెరు పోయి, ఆ గుమ్మం ముందు నిలబడి పిలిచేవారు. ఆమె పలికేదాకా కదిలేవారు కారు.

అంత్యక్రియలకు ఆ కుర్రాడూ వచ్చాడు. పూలదండ తెచ్చాడు. నా పక్కకు వచ్చి, మెల్లగా, మర్యాదగా అడిగాడు.

"ఇగ శుక్రవారం ఎవరొస్తరు?"

"నేనొస్త" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను.

వెళ్లాను. బస్సు దిగి నడిచేసరికే ఆయాసం పట్టుకుంది. గుమ్మం ముందు నిలబడి పిలిచాను. పెద్దమ్మ గోడ పట్టుకుని వచ్చింది. వకీలు సాబ్ ఇక రారని చెప్పాను. ఆమె గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకెన్నేండ్లు బేటా?"

"అరవై ఒకటి."

ఆమె వీధి అవతల అరుగు మీద కూర్చుని బీడీ ముట్టిస్తున్న మరిది కొడుకు వైపు చూస్తూ ఉండిపోయింది. వాడికి ఇంకా ముప్పై నిండలేదు.