గట్టు పొంటి మంద

గాలయ్యది కల్వకుర్తి దగ్గరి పల్లె. సర్కారు గొర్రెలిచ్చిన ఏడాది మంద పెట్టుకున్నాడు. ఎండాకాలం రైతుల చెలకల్లో గుంజలు పాతి, చుట్టూ వల కట్టి, రాత్రంతా గొర్రెలను అందులో నిలుపుతాడు. పెంట నేలకు బలం, కూలి గింజలు గాలయ్యకు. వల అల్లడంలో అతని చేతికి పేరుంది. తలకాయకు లేదు. ఆ మాట అతనే అంటాడు.

ఆ సాయంత్రం స్వరూప అనే రైతు చెలకలో దిగాడు.

“అన్నా, గీ గట్టు పొంటే సత్తువ లేదు. సన్నగ, పొడుగ్గ కట్టు. పక్కన నా టమాట తోట, జర పైలం.”

“ఎట్ల కడితేంది చెల్లె? వల గదే కదా, జాగ యాడికి పోతది?” అన్నాడు గాలయ్య దర్జాగా.

గుంజలందిస్తున్న భార్య నర్సింగమ్మ, “పడతయా అన్ని?” అంది.

“ఎన్నేండ్ల సంది కడుతున్ననే!”

వలంతా అయిపోయేదాకా కట్టాడు. గొర్రెలను తోలితే సగం లోపల ఇరుక్కున్నాయి, సగం బయటే నిలబడి అరిచాయి. వల కురచయిందేమోనని గాలయ్య తడిమి చూశాడు. గొర్రెలు బలిసినయని తిట్టాడు. లోపలికి దిగి నెట్టబోతే పొట్టేలు అతన్నే నెట్టింది. పొద్దు గూకుతోంది. బయటి గొర్రెలు టమాటల వైపు తలలు తిప్పాయి. తోటలో పడితే ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరు.

గొర్రెల ఒత్తిడికి నడుమనున్న గుంజ ఊడింది. వల ఉబ్బింది, ఆ కొసా ఈ కొసా దగ్గరికి జరిగాయి. ఉబ్బిన చోట గొర్రెలు హాయిగా మసలడం గాలయ్య కంటబడింది. చకచకా మిగతా గుంజలు పీకి, వలను ఇరువైపులా బయటికి లాగి, దాదాపు గుండ్రంగా నిలబెట్టాడు. నర్సింగమ్మ అదిలిస్తే బయటివన్నీ లోపలికి నడిచాయి. కొన్ని పడుకున్నాయి కూడా.

“గట్టంతా కట్టుమంటి గదన్నా, గింతేనా?” అంది స్వరూప.

“రోజూ జర ముందుకు జరుపుకుంట పోత చెల్లె. ఒక్క గింజ ఎక్కువ అడగ. నా తెలివికి జుర్మానా అనుకో.”

నర్సింగమ్మ నవ్వాపుకోలేదు. “గుండ్రంగ ఉంటే జాగ ఎక్కువుంటదని నీ గుండ్రటి తలకాయకే తెల్వకపాయె!”

“దాంట్ల జాగకేం తక్కువే? పెట్టేతందుకు సరుకే లేదు,” అన్నాడు గాలయ్య, ఊడిన గుంజను మళ్లీ పాతుతూ.