మూసిన ఇంట్ల ఉండిపోయిన వైఫై

మా అత్తమ్మ సోమమ్మ మెల్లగ మాట్లాడంగ నేను లగ్గమై వచ్చినకాడికెళ్లి ఇనలే. ఉప్పు ఎక్కడుందని అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటది. ఆమె తప్పు గాదు. లంగ కట్టుకున్న నాటికెళ్లి గొర్ల ఎంబడి తిరిగిన మనిషి. గుట్ట అవుతల మేస్తున్న గొర్లను ఇవుతలికెళ్లి పిలిచి పిలిచి ఆ గొంతు గట్లనే తయారైంది. కొల్లాపూర్ల ఉన్న వాళ్ల చెల్లెకు ఫోన్ చేస్తే మా వాడకట్టంత ఇంటది. "ఫోనెందుకత్తమ్మా, గట్లనే పిలువు, ఇనబడుతది" అంటుంటి. "పో పిల్లా, నీకు ఎకసెక్కాలు ఎక్కువైనయి" అని ఇంక గట్టిగ ఒర్లేది.

నాదేమో నెమ్మదిగ మాట్లాడే నౌకరి. పట్నంల ఒక కంపెనీ ఉంది, కూలర్లు, మిక్సీలు, బట్టలుతికే మిషన్లు అమ్ముతది. అవి ఖరాబైతే జనం ఫోన్ చేసి తిడతరు. ఆ తిట్లు తినేది నేను. తిట్టినోళ్లకు సారీ చెప్పాలె, తిట్టనోళ్లకు థాంక్స్ చెప్పాలె. కరోనాల ఆఫీసు బంద్ పెట్టి ఇంటికాడికెళ్లి చేయుమన్నరు. మళ్ల తెరువనే లేదు. మా ఊరు కోస్గి పక్కన. ఇక్కడ ఫోన్ సిగ్నల్ దాని ఇష్టం, వస్తే వస్తది, లేకుంటే లేదు. అందుకే వైఫై పెట్టించుకోవాల్సి వచ్చింది.

మా ఆయన ఎల్లేష్‌కు గొర్లు తప్ప ఇంకో లోకం లేదు. ఎండలు ముదరంగనే మందను కొట్టుకోని ఆత్మకూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోతడు. వానలు పడితేనే మళ్ల ఇల్లు యాదికొస్తది. మామ కాటమయ్యకు పక్షవాతం వచ్చి మంచంల వడ్డడు. గొర్లు అమ్మినప్పుడే పైసలు, అమ్మకుంటే లేవు. నెల తిరిగేసరికి ఇంట్లకు వచ్చేది నా జీతమొక్కటే. మామ మందులు, దవాఖాన, పొయ్యి మీద ఎసరు, అన్నీ దాన్లకెళ్లే. అది పోతే ఏం చేయాలెనో నాకు ఇప్పటికీ తెల్వదు.

మండలంల కేబుల్ నడిపే అమరేందర్ వచ్చి వైఫై డబ్బ పెట్టిండు. పెట్టుడంటే ఊరికే గాలే. మావి రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు, చేతికెళ్లి మోచేతిదాక మందం. ముందటి అర్రల పెడితే ఎనుక రాదు, ఎనుక పెడితే ముందట రాదు. అమరేందర్ చెమటలు కారుకుంట ఇల్లంత తిరిగి, "అక్కా, మీది ఇల్లా, కోటనా?" అన్నడు. ఆఖరికి నడిమి అర్రల, మామ మంచం మీది గోడకు మేకు కొట్టి తగిలిచ్చిండు. స్విచ్చుబోర్డు గూడ ఆడనే ఉంది. దుమ్ము వడుతదని మా అత్తమ్మ దాని మీద మామ పాత రుమాలు కప్పింది. డబ్బ వేడెక్కి సచ్చూరుకుంది. నేను రుమాలు తీసుడు, ఆమె కప్పుడు, ఓ వారం ఇదే లొల్లి.

గట్ల నడుస్తున్న సంసారం. శివరాత్రి జాగారం తెల్లారి మామ పోయిండు.

పంతులు వచ్చి పంచాంగం సూసి తల అడ్డం ఊపిండు. ధనిష్ఠల పోయిండు, నక్షత్రం మంచిగ లేదు, ఆరు నెలలు ఇల్లు ఇడిచిపెట్టాలె అన్నడు. "పీనుగ లేవంగనే తలుపుకు తాళమేసి తుమ్మకంప అడ్డం పెట్టుండ్రి. కంప పెట్టినంక పుల్ల గూడ బయటికి తీయొద్దు, మనిషి గడప దాటొద్దు. దాటితే ఇంకో మనిషిని తీస్కపోతది." మా దిక్కు ఇది కొత్త గాదు. ఊర్ల ఎప్పుడూ ఏదో ఒక ఇంటికి కంప ఉంటనే ఉంటది.

ఇంకేముంది, ఉరుకులే. కావల్సినయన్నీ అప్పుడే బయటికి మోయాలె. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. మా ఊర్ల ఎవరింట్ల సావు అయినా ముందుగాల మా అత్తమ్మకే కబురు వస్తది. ఆమె పోయి తలాపున కూసోని శోకం పెడితే, పోయినోళ్ల బతుకంత కండ్ల ముంగట నిలవడుతది. పగోళ్లు గూడ ఏడుస్తరు. ఊరందరికి ఏడ్సిపెట్టిన మనిషి ఆమె. ఆ పొద్దు ఊరంత ఆమె శోకం కోసం ఎదురుచూస్తుంటే, ఆమె నెత్తి మీద జొన్నల గంప. లోపలికి పోవుడు, బయటికి వచ్చుడు. మా ఆయనకు అక్కచెల్లెండ్లు ఇద్దరున్నరు, వాళ్లు వచ్చేసరికే పాడె లేసింది. అత్తమ్మ గంప దించి రెండు మాటలు ఏడ్సిందో లేదో, పంతులు "టైం అయితుంది, నడువుండ్రి" అన్నడు. గంతే. దినాలు చేను కాడి షెడ్డుల అయినయి. దినాలు కాంగనే మా ఆయన మంద ఎంబడి పోయిండు. మేమిద్దరం ఊరి ఇంకో కొసకు, మల్లప్ప ఇంట్ల ఒక అర్ర కిరాయికి తీసుకున్నం.

ఆడ లాప్‌టాప్ తెరిచిన. నెట్ కోసం సూసిన. అప్పుడు కొట్టుకున్న నెత్తి. సదువుకున్నదాన్ని, చాటలు మోసిన, జల్లెడలు మోసిన, పలిగిన కుండ గూడ మోసిన. నాకు బువ్వ పెట్టే డబ్బను మాత్రం మేకుకే ఇడిచిపెట్టొచ్చిన.

అమరేందర్‌కు ఫోన్ చేస్తే, "ఆ గల్లీకి మా తీగ లేదక్కా, దసరా దాక ఆశ పెట్టుకోకు" అన్నడు. మళ్ల ఆయనే అన్నడు, "మీ కరెంటు బంద్ చేపియ్యలేదు కదా, డబ్బ నడుస్తనే ఉంటది. ఒకసారి పోయి సూడుండ్రి." పోయి సూస్తే నిజమే. నడిమి అర్రకు సందు దిక్కు చిన్న కిటికీ ఉంది, దాని కింద అరుగు. ఆ అరుగు మీద కూసుంటే వైఫై మంచిగ వస్తది. పంతులును అడిగితే కొంచెంసేపు ఆలోచించి, "గడప దాటొద్దన్న గని, అరుగు మీద కూసోవద్దనలేదు" అన్నడు. బతికించిండు మహానుభావుడు.

ఇగ చూడుండ్రి నా ఆఫీసు. ఎండ తగలకుండ నెత్తిన యూరియా సంచుల పట్ట, ఎనుక కంప కొట్టిన ఇల్లు, ముంగట కుక్కలు, పోయేటోళ్లు, వచ్చేటోళ్లు. పొద్దున పోతే పొద్దుమూకేదాక ఆడనే. "ఏం పిల్లా, దయ్యాలతోని మాట్లాడుతున్నవా?" అని అడగని మొగోడు లేడు. చెవుల ఆ తిట్లు, బయట ఈ ఎకసెక్కాలు. నడుము గుంజుతది. ఇంటికి పోయి ఎల్లెలకల వడుకుంటే కప్పు తిరుగుతుంటది. నాకు ఏడుపు గూడ రాకపోతుండె, గంత అలిసిపోతుంటి.

అత్తమ్మ సంగతి వేరే. కిరాయికి దిగిన తెల్లారే మల్లప్ప భార్య కోమల వచ్చి చెప్పింది, "వదినా, ఏమనుకోకు. మా ఇంట్ల దీపం పెట్టుకుంటం, పిల్లలున్నరు. పరాయి ఇంట్ల ఏడుస్తే ఆ ఇంటికి మంచిది గాదు. కండ్లల్ల నీళ్లు పెట్టకు." తప్పువట్టనీకి లేదు, ఎవరైనా గదే అంటరు. అత్తమ్మ సరే అన్నది. ఆ పొద్దటికెళ్లి ఆమె గొంతు దిగిపోయింది. రోజూ నాకు టిఫిన్ డబ్బ పట్టుకోని అరుగు కాడికి వస్తది. నేను కాల్‌ల ఉంటే ఇంకో కొసకు కూసోని ఆ తలుపు దిక్కు సూస్తది. నా చెవులకు హెడ్‌ఫోన్ ఉందని సప్పుడు చేయదు. ఏమన్న కావాలంటే గుసగుస. చెల్లె ఫోన్ చేసినా గుసగుసనే. మొదట్ల హాయిగ ఉండె, అబద్ధమెందుకు చెప్పాలె. తర్వాత తర్వాత భయమైంది. పెయ్యిల బాగలేదా అత్తమ్మా అంటే, మంచిగనే ఉన్న తియ్యి అంటది.

వైశాఖంల గాలివానలు మొదలైనయి. కరెంటు పోవుడు, కాల్ నడుమ తెగిపోవుడు. మా టీమ్ లీడర్ శైలజ మేడం మంచిదే, గని ఆమె మీద ఇంకొకరుంటరు కదా. "కరుణా, నీ లైన్ శానసార్లు కట్ అయింది. రేపు పైవాళ్లు నీ షిఫ్ట్ మొత్తం కూసోని ఇంటరు. రేపు ఒక్కసారి పోయినా నేను ఆపలేను, తీసేస్తరు" అని చెప్పింది. చెప్పెటప్పుడు ఆమె గొంతు గూడ అలిసిపోయే ఉంది.

తెల్లారి అరుగు కాడికి పోతే వైఫై లేదు. రాత్రి వాన కొట్టింది. వీధిల అందరికి కరెంటు ఉంది, పక్కింట్ల టీవీ మోగుతాంది. మా ఇంట్లనే లేదు. కిటికీల కండ్లు పెట్టి సూస్తే డబ్బ మీద ఒక్క లైటు గూడ లేదు. ముందటి అర్రల, తలుపు పక్కన ఉండే మెయిన్ స్విచ్చు కిందికి వడి ఉంటది. అది లేపితే అయిపాయె. లేపాలంటే గడప దాటాలె.

మా ఆయనకు ఫోన్ చేసిన, కలవలే. ఏట్ల ఏ వంపుల ఉన్నడో. నేను పంతులు మాటలు నమ్మేదాన్ని గాదు. పదిమందిల నమ్మనని చెప్పినదాన్ని గూడ. పోయి కంప మీద చెయ్యేసిన. ముల్లు దిగింది. చెయ్యి తీసిన. మళ్ల ఏసిన. షిఫ్ట్ టైం దగ్గరికొస్తాంది, నేను కంప పట్టుకోని నిలవడ్డ.

"ఏందే, గట్ల నిలవడ్డవు?" ఎనుకకెళ్లి అత్తమ్మ.

చెప్పిన. నౌకరి సంగతి గూడ చెప్పిన. టిఫిన్ డబ్బ అరుగు మీద పెట్టి, కొంగు నడుముకు చెక్కి, "జరుగు" అన్నది.

"వద్దత్తమ్మా. పోతే పోనీ నౌకరి."

"పోతే ఏం తిందమే? కంప తిందమా?" చేతితోనే కంప గుంజి పక్కకు పారేసింది. "ఇంకో మనిషిని తీస్కపోతదట కదా. నువ్వెందుకు, నీకింక శాన బతుకుంది. తీస్కపోతే నన్ను తీస్కపోనీ, ఫికర్ చేయకు." రొంటికెళ్లి తాళంచెవి తీసింది. ఆరు నెలలు ముట్టొద్దన్న ఇంటి తాళంచెవి నడుముకే పెట్టుకోని తిరుగుతున్నదని నాకు అప్పటిదాక తెల్వదు.

ఆమె తాళం తీసి గడప దాటంగనే నేను కిటికీ కాడికి ఉరికి ఆడికెళ్లి చెప్పిన. "తలుపు పక్కన అత్తమ్మా, నల్ల స్విచ్చు, మీదికి లేపు." టప్పుమన్నది. డబ్బ మీద లైట్లు ఒక్కొక్కటే వచ్చినయి. నేను పట్ట కింద కూసోని లాప్‌టాప్ తెరిచి లాగిన్ అయ్యేసరికి టైంకు సరిపోయింది. పాణం లేసొచ్చింది.

"అయిపోయిందత్తమ్మా, ఇగ బయటికి రా."

లేసి కిటికీలకెళ్లి సూసిన. మామ మంచం ఒట్టిదే ఉంది. ఆమె మంచం మీద గాదు, కింద కూసుంది, ఆయన తలాపు ఉండే దిక్కు.

"రాను బిడ్డా" అన్నది. అదే గుసగుస. "ఆడ ఏడ్వనీయరు. ఈడ కూసోని జరసేపు ఏడుస్త. నీ పనికి అడ్డమైతదా?"

పైవాళ్లు ఇనే పొద్దు అది. సప్పుడు ఇనబడితే ఏమైతదో నాకు తెలుసు. లాప్‌టాప్‌ల మొదటి కాల్ మోగుతాంది.

"అడ్డం గాదత్తమ్మా. ఏడువు" అని కాల్ ఎత్తిన.

ఎవరో సారు, కరీంనగర్ దిక్కుకెళ్లి. కూలర్ తిరుగుతలేదని మొదలుపెట్టిండు. ఆయన రెండో మాట అనకముందే లోపలికెళ్లి లేసింది ఆమె గొంతు. "ఓ నా పెనిమిటీ... ఉపాసం ఇడువకుండనే పోతివా... నీ తలాపున కూసోనీకి నాకు తీరలేదా... జొన్నలు మోసిన చేతులు కాలిపోనీ, నీ మొఖమన్న తుడువకపోతిని..." గుట్టలు దాటే గొంతు. మూరెడు గోడలకు ఆగుతదా? సందులోళ్లు గడపలల్లకు వచ్చిండ్రు. ఒక ముసలామె ఆడనే కూలవడి ఏడ్వవట్టింది.

సారు మాట ఆపిండు. "హలో మేడం, మీ దగ్గర ఎవరో ఏడుస్తున్నరు?"

సప్పుడు వస్తే మైక్ బంద్ చేసి, లైన్‌ల ప్రాబ్లం ఉందని చెప్పాలె. మాకు గట్లనే నేర్పిండ్రు. నేను బంద్ చేయలే.

"మా అత్తమ్మ సార్. మా మామ చనిపోయిండు."

"అయ్యో. ఇప్పుడేనా?"

"శివరాత్రి తెల్లారి సార్."

శివరాత్రి పోయి రెండు నెలలు దాటె, ఆయనకు ఆ లెక్క అందనట్టుంది. మెల్లగ, "నేను మళ్ల చేస్త తియ్యమ్మా, పెట్టేస్తున్న" అన్నడు.

"వద్దు సార్, పెట్టేయకుండ్రి" అన్న. "లైన్ కట్ అయితే నా నౌకరి పోతది. ఆమెను ఏడ్వనీయుండ్రి. మీరు కూలర్ మీదున్న నంబర్ చెప్పుండ్రి, నేను రాసుకుంట."

ఆయన లేసిపోయినట్టుంది, కుర్సీ జరిగిన సప్పుడైంది. మళ్ల వచ్చి, ఒక్కొక్క అంకె నిమ్మళంగ చెప్పిండు. లోపల ఆమె ఏడుస్తాంది. నేను రాసుకుంటున్న.