కరెంటు పట్టలేదని చెప్పాను

దసరా మరునాడు పొద్దున, మహబూబ్‌నగర్‌లో నేను మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిగా ఉన్న ప్రైవేటు దవాఖానలో కరెంటు పోయింది. జనరేటర్ నడుస్తున్నా ఐసీయూకి సరఫరా అందలేదు. ముందురోజు ఆయుధపూజకు, లైన్‌ను జనరేటర్ మీదికి మార్చే ప్యానెల్ తలుపు తీసి, లోపలి హ్యాండిల్‌కు బంతిపూల దండను బైండింగ్ వైరుతో కట్టింది నేనే. ఇప్పుడు ఆ దండే హ్యాండిల్ తిరగకుండా అడ్డుపడింది.

"సార్, జర ఆగుండ్రి, మెయిన్ బంద్ చేస్త," అన్నాడు ఎలక్ట్రీషియన్ యాదయ్య.

"నువ్వు బంద్ చేసేదాంక వెంటిలేటర్ మీదున్నోళ్లు ఆగుతరా?" అంటూ ఎడమ చెయ్యి లోపల పెట్టి దండ లాగాను.

దండకున్న వైరు లోపల తగిలి పేలింది. చెయ్యి అతుక్కుపోయింది. యాదయ్య చెక్కపలకతో నా భుజం మీద బలమంతా పెట్టి కొట్టి విడిపించాడు. ఎముక విరిగింది, ప్రాణం మిగిలింది. ఆ వెంటనే మెయిన్ బంద్ చేసి, దండ తీసి, ఐసీయూకి కరెంటు అందించిందీ అతనే.

"కరెంట్ పట్టిందా, మంట తగిలిందా?" క్యాజువాలిటీలో డాక్టర్ అడిగాడు.

చెయ్యి పెట్టానంటే తప్పు నాదవుతుంది. "మంటే సార్. యాదయ్య తలుపు తెరిచిపెట్టి పోయిండు," అన్నాను. పక్కనే ఉన్న యాదయ్య ఏదో చెప్పబోతే, "నువ్వు బయటికి నడువ్," అని అరిచాను.

సాయంత్రానికి చెయ్యి మొద్దులా వాచింది. వేళ్లు నల్లబడ్డాయి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. నొప్పికి నర్సును కాలితో తన్నాను.

"ఇది పైమంట కాదు. కరెంట్ లోపలినుంచి కాల్చింది. ఎందుకు దాచినవ్?" అన్నాడు డాక్టర్. ఆయన ఒక్కడి దగ్గరే ఒప్పుకున్నాను.

లోపలి వాపు ఒత్తిడి తగ్గాలని, ఫాషియాటమీ అంటూ మణికట్టు నుంచి మోచేతిదాకా కోశారు. ఇన్ఫెక్షన్ వచ్చింది. రోజూ కుళ్లిన కండ గీకేవారు. మూడో వారం రెండు వేళ్లు తీసేశారు. "ఆ రోజు పొద్దున్నే చెప్తే దక్కేవేమో," అన్నాడు డాక్టర్.

ఈలోగా, తలుపు తెరిచిపెట్టాడన్న నా మాట మీద యాదయ్యను పనిలోంచి తీసేశారు. అతను వార్డుకు వచ్చాడు. "ఒక్క మాట నిజం చెప్పుండ్రి సార్. యాడికి పోయినా పనిస్తలేరు." స్టీలు గ్లాసు విసిరాను. కనుబొమ్మ చిట్లింది. రక్తం తుడుచుకుంటూ, "కుడిచెయ్యి మంచిగనే పనిచేస్తాంది సార్," అని వెళ్లిపోయాడు.

చేతికి చర్మం అతికించే స్కిన్ గ్రాఫ్టింగ్ అయ్యాక ఆ కుడిచేత్తోనే జరిగిందంతా రాసి యాజమాన్యానికి ఇచ్చాను. నా ఉద్యోగం పోయింది. యాదయ్యను మళ్లీ పనికి రమ్మన్నారు, అతను పోలేదు. కల్వకుర్తిలో మోటార్ వైండింగ్ చేస్తున్నాడు. వెతుక్కుంటూ వెళ్లాను.

"నా మీది మచ్చ కడిగిండ్రు, మంచిదే," అన్నాడు తల ఎత్తకుండా. "గని మీ మొహం సూస్తే నాకు కోపమొస్తది సార్. పోయిరాండ్రి."

ఇప్పుడు ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నాను. మీకెవరికైనా కరెంటు పడితే, పైన గాయం చిన్నదే అయినా, ఎక్కడ పట్టుకున్నారో, ఎంతసేపో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు నోరు రాకపోతే, చూసినవాణ్ణి చెప్పనివ్వండి.