చచ్చిన బాకీకి సాక్షి

1987లో నేను పావగడలో ఇన్‌కంటాక్స్ ప్రాక్టీషనర్‌ని. వ్యాపారుల లెక్కలు రాసి, తుమకూరులో అధికారి ముందు వాళ్ల తరఫున వాదించడం నా పని. ఆ అధికారి మొదటి రోజే నన్ను ‘గుమాస్తా’ అన్నాడు. ఆయన రిటైరయ్యాడు, నేనూ రిటైరయ్యాను. ఆ మాట మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

నా కక్షిదారు శ్రీరామప్పది విత్తనపు శెనక్కాయల అంగడి. తిరుమణి అనే పల్లెటూరి నరసింహప్ప తన ఊరి రైతులందరి కోసం అతని దగ్గర విత్తనాలు అప్పు తీసుకున్నాడు. వరసగా వానలు ఎగ్గొట్టాయి. నరసింహప్ప ఎద్దులు అమ్ముకున్నాడు, భూమి తాకట్టులో పోయింది. రాని బాకీని పన్ను లెక్కలో లాభంలోంచి తగ్గించుకోవచ్చు. అయితే అప్పటి చట్టం ప్రకారం అది ఏ ఏడాది మునిగిందో ఆ ఏడాదే చూపాలి, మునిగిందని రుజువు చెయ్యాలి. మొదటి ఏడు అడిగితే, వానపడితే ఇస్తాడేమో, తొందరెందుకన్నాడు అధికారి. పావగడ వాన మీద పావగడ వాళ్లకే లేని నమ్మకం ఆయనకుండేది.

మరుసటి ఏడు నేను తాకట్టు పత్రాల నకళ్లు సిద్ధం చేశాను. నా కాగితాలకన్నా మనిషే మేలని, నాకు చెప్పకుండా శ్రీరామప్ప సాక్షిగా నరసింహప్పనే బస్సెక్కించి తెచ్చాడు. టికెట్టూ తనే కొన్నాడు.

బాకీ తీర్చగలవా అని అధికారి అడిగాడు. ‘లేదు’ అని ఒక్క మాటంటే చాలు. నరసింహప్ప తువ్వాలు సర్దుకున్నాడు.

“ఎగ్గొట్టే వంశం కాదు సామీ మాది. ఒక్క వాన పడనీ, మొదుటి మూట శ్రీరామన్న అంగడికే వస్తాది.”

శ్రీరామప్ప అతని చొక్కా లాగాడు. “లేదని చెప్పప్పా, సాలు.”

“నలుగురిలో లేదని యాడన్నా చెప్తారాన్నా? నాకు మానం లేదా?”

“నీ మానానికి నేను పన్ను కట్టాలప్పా.”

కట్టాడు కూడా. మా పక్షాన ఎవరు చెప్పినా నమ్మని అధికారి ఆ ఒక్క మాట నమ్మి, బాకీ సజీవంగా ఉందని రాసుకున్నాడు. నేను అప్పీలుకు వెళ్లాను. అక్కడా అదే వాంగ్మూలం ఎదురొచ్చింది. ఆ పన్ను కట్టడానికి శ్రీరామప్ప గోడౌను అమ్మేశాడు. చొక్కా లాగినందుకు నరసింహప్ప అలిగి అతనితో మాట్లాడడం మానేశాడు.

1989లో చట్టం మారింది. రాని బాకీని ఖాతాలో కొట్టేస్తే చాలు, రుజువు అక్కర్లేదన్నారు. గోడౌను సంగతి ఎవరూ అడగలేదు.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. బాకీ మునిగిందని నిరూపించడానికి బాకీదారుణ్ణి పిలవకూడదు. పిలవక తప్పకపోతే, పరువు లేనివాణ్ణి చూసుకోవాలి.