పిన్నిగారి ద్వారా

మా ఆఫీసు కిటికీ తెరిస్తే తాలూకా కచేరీ వరండా కనిపించేది. మధ్యలో ఒక రోడ్డు, దాని మీద ఎడ్లబళ్లు, అప్పుడప్పుడు ఒక బస్సు. ఇక్కణ్ణుంచి కాగితం ఉండచుట్టి విసిరితే అక్కడ పడుతుంది. అయినా నేను ఆ కచేరీకి పంపదలచిన ఉత్తరం ముందు మా ప్రధాన కార్యాలయానికి వెళ్లాలి. రిజిస్ట్రారుగారు సంతకం పెడితే అక్కణ్ణుంచి కలెక్టరుగారికి వెళ్లాలి. ఆయన పంపితే అప్పుడు మా ఎదురు వరండాకి రావాలి. జవాబు కూడా అలాగే ఊళ్లు తిరిగి తీరిగ్గా నా బల్ల మీదికి చేరేది.

అరవైల చివరి మాట ఇది. మా విశ్వవిద్యాలయం శ్రీకాకుళంలో చిన్న కేంద్రం ఒకటి పెట్టాలనుకుని, ముందుగా ఒక ఇనప బీరువానీ, ఒక టైపు మిషన్నీ, నన్నూ ఒక అద్దె ఇంట్లోకి పంపింది. స్థలం ఇవ్వాల్సింది ప్రభుత్వం. అది వచ్చేదాకా చెయ్యడానికి పెద్ద పనేమీ లేదు. మాది విజయనగరం. అప్పటికి పెళ్లి కాలేదు. కొత్త ఊళ్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అప్పుడప్పుడు ఊరికే దగ్గేవాణ్ణి.

నన్ను బతికించింది ఒక్క మనిషి. ఆ ఎదురు కచేరీలోని డిప్యూటీ తహసీల్దారు. నాకంటే చాలా పెద్దాయన. భార్య పోయింది, పిల్లలు బొబ్బిలిలో అమ్మమ్మగారింట్లో చదువుకుంటున్నారు. ఇద్దరికీ ఒకే పూటకూళ్లింట్లో భోజనం. అది నడిపే ఆవిణ్ణి అందరూ పిన్నిగారనే పిలిచేవారు. నేను వెళ్లిన మొదటి రోజే ఆయన తన పీట నా పక్కకి లాక్కుని, "ఏటి బావా, ఊరికి కొత్తా?" అన్నారు. నేను ఆయనకి ఏ వరసన బావనయ్యానో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పిలుపు చాలు నాకు.

భోజనాలయ్యాక నాగావళి వంతెన దాకా నడిచేవాళ్లం. ఆయన మాట్లాడుతూనే ఉండేవారు. ఏ కరణం ఏ రైతుని ఎలా తిప్పాడో, బొబ్బిలిలో మామిడి తాండ్ర ఎవరి దగ్గర కొనాలో, చిన్నకూతురు ఉత్తరంలో ఏం రాసిందో. మా స్థలం ఫైలు సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఉద్యోగులెవరూ ప్రభుత్వ అధికారులను నేరుగా కలవకూడదనీ, ఏ విషయమైనా రిజిస్ట్రారుగారి ద్వారానే నడవాలనీ మాకు నిబంధన ఉంది. చదివానని దాని కింద సంతకం పెట్టే ఈ ఊరొచ్చాను.

ఇంతలో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. విశ్వవిద్యాలయం గుమాస్తా, స్థలం ఫైలు చూసే అధికారి ఒకే చోట తింటున్నారనీ, రోజూ కలిసి షికారుకి పోతున్నారనీ. మా రిజిస్ట్రారుగారికో ప్రతి, కలెక్టరాఫీసుకో ప్రతి. నన్ను సంజాయిషీ అడిగారు, ఆయన్నీ అడిగారు. స్థలం సంగతి తేలేదాకా ఆ అధికారితో ఏ విధమైన సంభాషణా పనికిరాదని నాకు తాకీదు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. పక్కవాడికి మజ్జిగ అందించడం కూడా సంభాషణ కింద జమేనా అని రాద్దామనుకుని, ఉద్యోగం గుర్తొచ్చి మానుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయన పీట ఎదుటి గోడ దగ్గరికి వెళ్లిపోయింది. ఊళ్లో ఇంకో పూటకూళ్లిల్లు లేక కాదు, ఇద్దరిలో ఎవరికీ మానెయ్యాలనిపించలేదు. తలవంచుకుని తినేవాళ్లం. వంతెన దాకా నేనొక్కణ్ణే ఒకసారి నడిచాను. మళ్లీ వెళ్లబుద్ధి కాలేదు.

నాకు జ్వరం వచ్చి లేచిన రోజు ఆయన చారు కలుపుకుంటూ గోడకేసి చూసి, "పిన్నీ, ఆ బాబుకి ఒంట్లో ఎలాగుందో అడుగు" అన్నారు.

పిన్నిగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎదటే కూకున్నాడు కదేటి" అంది.

"అడుగు మరి."

"తగ్గిందని చెప్పండి పిన్నీ" అన్నాను నేను.

మా ఇళ్లలో ఇది కొత్త కాదు. మా అమ్మ మా పెదనాన్నతో జీవితమంతా ఇలాగే మాట్లాడింది. తమ్ముడి భార్య బావగారితో ఎదురుపడి మాట్లాడకూడదు కనక, తలుపు చాటున నిలబడి "కాఫీ చల్లారిపోతోందని చెప్పండి" అనేది. అక్కడ మూడో మనిషి లేకపోయినా అలాగే అనేది. పెదనాన్న పోయిన రోజున మాత్రం గడప దాటి వచ్చి, "బావగారూ" అని ఒక్కసారి పిలిచింది. అప్పటికి ఆయన వినే స్థితిలో లేరు.

మొత్తానికి మేమిద్దరం ఆ పద్ధతిలో పడ్డాం. ఆయన చిన్నకూతురు పరీక్ష గట్టెక్కిందన్న సంగతి పిన్నిగారి ద్వారా తెలిసింది. మా అమ్మ నాకు సంబంధం చూస్తున్నట్టు ఆయనకి పిన్నిగారి ద్వారా తెలిసింది. "పిల్ల కొత్తవలసా? రైలు దిగితే అత్తారిల్లే, బావ అదృష్టవంతుడని సెప్పు" అన్నారు. పిన్నిగారు విసుక్కుంటూనే అటూ ఇటూ మాటలు మోసింది. రిజిస్ట్రారుగారి కంటే ఆవిడే చురుగ్గా పనిచేసింది.

కానీ అలా ఎన్నాళ్లు? ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెప్పుకునే కబుర్లకి ఆయుష్షు తక్కువ. నాకా మనిషి కావాలి. చివరికి తెగించి అర్జీ పెట్టుకున్నాను. భోజన సమయంలో సదరు అధికారితో సొంత విషయాలు మాట్లాడుకోవడానికి అనుమతి ఇప్పించవలసిందని. అది టైపు చేస్తుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

దానికి జవాబు రాకముందే ఆయనకి రాజాం బదిలీ అయింది. చార్జి అప్పగించేసిన రోజు మధ్యాహ్నం ఆయన పీట తెచ్చుకుని మళ్లీ నా పక్కన కూచున్నారు. ఫైలుతో ఆయనకిక సంబంధం లేదు. "బావా" అన్నారు. ఇద్దరం అన్నం కెలుకుతూ కూచున్నాం. కాసేపటికి ఆయన తలెత్తి, "పిన్నీ, వేళకి తినమని సెప్పు ఈయనకి" అన్నారు.

"నువ్వే సెప్పు నాయనా. ఇప్పుడు నానెందుకు మజ్జిన?" అందావిడ.

ఆయన నవ్వి చెయ్యి కడుక్కోడానికి లేచారు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. రాజాంకి రెండు కార్డులు రాశాను. ఆయన మాటల మనిషి, రాతల మనిషి కాదు. క్షేమమని ఒక ముక్క వచ్చింది, అంతే.

ఆ తరవాత నా అర్జీకి జవాబొచ్చింది. భోజన సమయంలో మాత్రం, సొంత విషయాలు మాత్రం, శ్రీకాకుళం డిప్యూటీ తహసీల్దారుతో మాట్లాడుకోవచ్చునని అనుమతి. మనిషికి కాదు, పదవికి. అంటే ఎదురు వరండాలో కొత్తగా వచ్చి కూచున్నాయనతో, నేనెరగని ఆయనతో, నేను తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చు. రిజిస్ట్రారుగారి సంతకం పొందిగ్గా ఉంది.

ఆ పూట పిన్నిగారింట్లో నేనొక్కణ్ణే. ఆనపకాయ పులుసు. "ఇవాళ పులుసు బాగుంది పిన్నీ" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలవాటుగా ఎదుటి గోడ వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

"మీకే చెప్పాను" అన్నాను.