ఆసుపత్రికి చామంతులు

మొన్న పొద్దున ఇటలీ నుంచి మా బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, మా పక్కింటి అవ్వ పోయింది" అని ఒకటే ఏడుపు. ఖమ్మం బస్సు కోసం జూలూరుపాడులో నిలబడి ఉన్నవాణ్ణి, అక్కడే కూలబడ్డాను.

ఆమె మా బంధువు కాదు, ఆమె భాష నాకు రాదు. కానీ నా మనుమరాలు పుట్టిన రోజు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆమే.

మా బిడ్డ అక్కడ నర్సు. మా ఆమెకు వీసా రాక, కాన్పుకు నేనొక్కడినే వెళ్లాను. అవ్వ రోజూ తలుపు కొట్టి, బొటనవేలంత కప్పులో చిక్కటి కాఫీ ఇచ్చేది. అన్నం తిన్నాక కాఫీలో పాలు కలపమంటే, నేనేదో విషం అడిగినట్టు గుండె మీద చెయ్యి వేసుకునేది. భోజనమయ్యాక అక్కడ పాలకాఫీ తాగరట.

కాన్పు కష్టమైంది. ఆపరేషన్ అన్నారు. అల్లుడిని లోపలికి పిలిచారు. బయట అవ్వా, నేనూ. ఎంతసేపైనా కబురు లేదు. కాలు నిలవక కిందికి దిగి, ఎదురు దుకాణంలో పసుపు చామంతులు కొన్నాను. మా చర్చిలో మరియమ్మకు వేసే పూలే. మత్తు దిగి మా బిడ్డ కళ్లు తెరవగానే చూస్తుందనుకున్నాను.

పూలు చూడగానే అవ్వ దిగ్గున లేచింది. ముఖం పాలిపోయింది. సిలువ గుర్తు వేసుకుని, నన్ను పట్టుకుని ఏడ్చింది. సిలువ గుర్తుకు భాష అక్కర్లేదు కదా! నేను కిందికి పోయినప్పుడే ఏదో జరిగిపోయిందనుకున్నాను. "కొరాజ్జో, కొరాజ్జో" అంటూ ఆమె నా వీపు నిమురుతుంటే, నేనూ బావురుమన్నాను.

అప్పుడే అల్లుడు బయటికి వచ్చాడు.

"ఏంది మామా, ఎందుకేడుస్తున్నరు? ఆడపిల్ల పుట్టింది! ఇద్దరూ మంచిగున్నరు!"

"మరి ఈ అవ్వ గిట్లెందుకు ఏడుస్తుంది?"

అల్లుడు ఆమెతో మాట్లాడి నెత్తి కొట్టుకున్నాడు. "ఈడ చామంతులు సమాధుల మీద పెడతరు మామా! కింద నీకేదో చెడుకబురు చెప్పిండ్రనుకున్నదట!"

అవ్వ ఆ పూలకట్టతోనే నా భుజం మీద నాలుగు వాయించింది. ఏడుస్తూనే నవ్వింది. కొరాజ్జో అంటే ధైర్యమని అప్పుడు తెలిసింది. తన గుండె పగులుతున్నా నాకు ధైర్యం చెప్పింది, మహాతల్లి!

ఆడబిడ్డ పుడితే అక్కడ ఇంటి తలుపుకు గులాబీరంగు రిబ్బను కడతారు. ఇంటికి రాగానే, ఎనభై దాటిన మనిషి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా కుర్చీ ఎక్కింది. మెట్ల మీద పోయేవాళ్లందరినీ ఆపి, నన్ను చూపిస్తూ "నోన్నో! నోన్నో!" అని అరిచింది. తాతనట! కుర్చీని రెండు చేతులా బిగబట్టి నేను కింద. రిబ్బను ఇంకా వంకరగానే ఉందని, మునివేళ్ల మీద లేచి సరిచేస్తూ ఆమె పైన.